పేరు రాయొద్దని నేనిచ్చిన మాట

పోయిన నెల మా బొగ్గుగనుల కంపెనీ పర్సనల్ డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన ఇద్దరు ఆఫీసర్లు గోదావరిఖనిలో మా ఇంటికొచ్చిండ్రు. ఇద్దరూ ఆడపిల్లలే, మంచి చదువులు చదివినోళ్లు. "మేడం, కార్మికులకు పని మీద మనసు ఎట్లున్నదో తెలుసుకునే సర్వే మాకు అప్పజెప్పిండ్రు. ఇప్పుడు ఫోన్లనే నింపుతరు. పది ప్రశ్నలు, రెండు నిమిషాల పని. మీరు చానా ఏండ్లు చేసిండ్రట, ఏమన్న చెప్పండ్రి" అని అడిగిండ్రు.

చాయ్ చల్లారేలోపు నాలుగు మాటలు చెప్పి పంపిన. ప్రశ్న చిన్నగా ఉండాలె, ఒక ప్రశ్నలో రెండు సంగతులు అడగొద్దు, షిఫ్టు దిగి అలిసిపోయి వచ్చేటోళ్ల చేతిలో ఫారం పెట్టొద్దు అని. అన్నీ నిజాలే. కానీ వాళ్లు పోయినంక అసలు సంగతి చెప్పలేదని నాకే తెలిసింది. అది నా తప్పు గురించిన ముచ్చట. ఎదురుగా కూసున్నోళ్లకు చెప్ప నోరు రాలేదు. అందుకే రాస్తున్న.

నా పేరు రూతమ్మ. బెల్లంపల్లిలో పుట్టిన. మా బాపు బొగ్గు నింపేటోడు. ఊపిరితిత్తులు చెడి ఆయన పనికి పనికిరాడని డాక్టర్లు రాసినంక ఆ ఉద్యోగం నాకు వచ్చింది. క్లర్కుగా చేరి, పరీక్షలు రాసి, ఆఫీసరునై, రిటైరై దిగిపోయిన. నడుమ వచ్చిన ప్రమోషన్ల గురించి చెప్పేదేం లేదు.

నిబద్ధత అంటే ఏంది?

మొదటి ఫారం హెడ్డాఫీసు నుంచి వచ్చింది. ఇంగ్లీషులో ఎవరో తయారు చేసిన దాన్ని ఇంకెవరో తెలుగు చేసిండ్రు. మొదటి ప్రశ్న నాకింకా యాదికున్నది: "సంస్థ పట్ల మీకు భావోద్వేగపరమైన నిబద్ధత కలదా?" దాని ముందట ఐదు గడులు. అస్సలు లేదంటే ఒకటి, నిండుగా ఉన్నదంటే ఐదు.

గని మీద, మస్టరు పడే కాడ, అంటే హాజరు వేసే చోట నిలబడి నేను ఆ ప్రశ్న గట్టిగా చదివిన. కొమురయ్య కాక అని పాత సపోర్టు మనిషి, గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఫారం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "బిడ్డా, నిబద్ధత అంటే ఏంది? కొత్తగ ఇచ్చే అలవెన్సా?" అన్నడు. అందరూ నవ్విండ్రు. నేనూ నవ్విన.

"మరి నువ్వైతే ఎట్ల అడుగుతవు కాకా?"

ఆయన టోపీ తీసి తల గోక్కున్నడు. "పొద్దుగాల డ్యూటీకి బయలెల్తుంటే కాళ్లు ముందుకు పడుతున్నయా, వెనుకకు గుంజుతున్నయా? గట్ల అడుగు. గుంజుతున్నయంటే ఎందుకు గుంజుతున్నయో అడుగు. ఇంకేం అడగకు."

ఆ రోజు ఇంటికి పోయి పది ప్రశ్నలూ మళ్ల రాసిన. 'నువ్వు చెప్పింది నీ పైనోళ్లు చెవిన పెడతరా?', 'పని కాడ నీకు ఏమన్న అయితే ఎంటనే వచ్చేటోళ్లున్నరా?', ఇట్ల. మా పర్సనల్ మేనేజరు గుంటూరు దిక్కు మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డడు. కాయితం చూసి, "ఇది ఆఫీసు భాష కాదమ్మా" అని పక్కన పెట్టిండు. తెల్లారి పిలిచి సంతకం చేసిచ్చిండు. "రాత్రి మా ఆవిడకు చదివి వినిపించాను. ఈ ప్రశ్నలు అడిగితే నేనూ జవాబు చెప్పగలను అనిపించింది. ఒకటి గుర్తుపెట్టుకో. అడిగి, విని, ఊరుకునేట్టయితే అసలు అడక్కపోవడమే నయం" అన్నడు.

నా పైన పనిచేసిన పెద్దోళ్లలో నాకు ఏమన్న నేర్పింది ఈయనొక్కడే. ఆ ఏడే ఆయన దిగిపోయిండు.

పంపు యాకోబు

ఇప్పుడు చెప్పేది ఆ తర్వాత రెండో ఏటి సంగతి. కొమురయ్య కాక పనిచేసే గనే, పేరు చెప్పను. ఆ గనిలో పనిచేసినోళ్లకు చెప్పకున్నా తెలుస్తది.

ఫారాలు పంచేటప్పుడు నేను ప్రతిసారి ఒకే మాట చెప్పేదాన్ని. "పేరు రాయొద్దు, నంబరు రాయొద్దు. ఎవరు ఏం రాసిండ్రో ఎవ్వరికీ తెల్వది. ఇది నా మాట." కాయితం మీద కూడా అదే ఉండె. కానీ గని మనుషులు కాయితం నమ్మరు, మనిషిని నమ్ముతరు. బొగ్గు నింపేటోని బిడ్డనని నన్ను నమ్మిండ్రు.

ఆ ఏడు ఒక ఫారం వెనక పేజీలో పెన్సిలుతో నాలుగు వరుసలు రాసి ఉన్నయి. "పంపు కాడ ఎనిమిది గంటలు ఒక్కణ్ణే. ఫోను పాడై రెండు నెలలు. మూడు సార్లు చెప్పిన. పంపు నడిచినన్ని రోజులు నేను ఎవ్వరికీ యాదికి రాను, పడిపోయినా యాదికి రాను."

చదవంగనే ఎవరు రాసిండ్రో నాకు తెలిసిపోయింది. అది యాకోబు అన్న రాత. గని లోపల నీళ్లు తోడే పంపు నడిపేటోడు. అంతకుముందు బొగ్గు టబ్బులను తాడుతో గుంజే హాలేజిలో పనిచేస్తుంటే టబ్బు తగిలి కాలు విరిగితే తేలిక పనని పంపు మీద వేసిండ్రు. నేను, ఆయన పోయే చర్చి ఒకటే. ప్రతి ఆదివారం పొద్దున బోర్డు మీద వాక్యం రాసేది ఆయనే. ఆయన 'న' రాస్తే తలకట్టు రెక్కోలె పైకి లేస్తది. పదేండ్ల సంది ఆ అక్షరం చూస్తున్న. పని కాడ ఆయన నన్ను మేడం అనేటోడు, చర్చి గేటు దాటినంక చెల్లె అనేటోడు.

ఆ నాలుగు వరుసలు ఉన్నదున్నట్టు రిపోర్టులో ఎత్తి రాసిన. మంచి పని చేస్తున్ననే అనుకున్న. ఫోను బాగైతది కదా. హెడ్డాఫీసు మీటింగులో ఎవరో ఆ ముక్క చదివి వినిపించి, గని లోపల ఫోను రెండు నెలలు పాడైతే మీరేం చేస్తున్నరని మా ఏరియా పెద్దసారును అడిగిండ్రు. నిండు మీటింగులో ఆయనకు తల కొట్టేసినట్టయింది.

తెల్లారి నన్ను పిలిచిండు. గదిలో ఆయన, ఆ గని మేనేజరు ఉన్నరు. కూసోబెట్టి చాయ్ తెప్పించిండు.

"ఫోను ఇవాళే బాగుచేయిస్తున్నాం రూతమ్మగారూ. అది మా తప్పే. ఇంతకీ రాసింది ఎవరు?"

"పేర్లుండవు సార్."

"ఉండవు, నాకు తెలుసు. కానీ ఈ ఏరియాలో మీకు తెలియని మనిషి ఉన్నాడా? చేతిరాత చూసి మనిషిని చెప్పేస్తారట కదా మీరు. మంచికే అడుగుతున్నాను. పిలిచి నాలుగు మాటలు ధైర్యం చెబుదామని."

"యాకోబు అన్న... పంపు యాకోబు సార్" అన్న.

కొత్తగా వచ్చేటోళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలె. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఉద్యోగం పోతదని భయం లేదు. ప్రమోషను ఆశ కూడా కాదు. అందరూ నాకు తెలుసని ఆ సారు అన్నడు, అది నిజమని చూపించుకోవాలని నాకు అనిపించింది. అంతే. అంత చిన్న దానికి ఇచ్చిన మాట పోయింది.

ఇంకొకటి కూడా ఉన్నది. నేను నోరు తెరవకపోయినా మనిషి సగం బయటపడ్డట్టే. ఆ పంపు నడిపేటోళ్లు మూడు షిఫ్టులకు ముగ్గురు. ముగ్గురిలో ఒకరు రాసిన మాటను ఉన్నదున్నట్టు రిపోర్టుకెక్కిస్తే పేరు దాచిందేమున్నది? కొద్దిమంది ఉన్న కాడి మాటలు విడిగా చూపొద్దని ఇప్పుడు మీకు ట్రైనింగులో చెప్తరు. నాకు ఎవరూ చెప్పలేదు. కానీ చెప్తేనే తెలిసేంత కష్టమైన సంగతి కూడా కాదది.

మూడు రోజులకు ఫోను బాగైంది. రెండు వారాలకు యాకోబు అన్నకు ఆర్డరొచ్చింది. నస్పూర్ దిక్కు ఉన్న గనికి బదిలీ. 'పని అవసరం రీత్యా' అని రాసి ఉండె. ఆయన్ను పిలిచి ధైర్యం చెప్పింది ఎవ్వరూ లేరు.

ఏరియాలో మొదటి స్థానం

నేను పెద్దసారు దగ్గరికి పోలేదు. గని మేనేజరును అడిగిన. "బదిలీకి, ఆ కాయితానికి సంబంధం లేదు" అన్నడు. లేదని నేను నమ్మలేదు. నమ్మినట్టు తలూపి వచ్చేసిన.

యాకోబు అన్న భార్య సంతోషమ్మ. షుగరుతో ఆమెకు చూపు బాగా తగ్గింది. ఇంతకుముందు ఆయన మొదటి షిఫ్టు చేసుకొని మూడు గంటలకల్లా ఇంటికొచ్చేటోడు. వండేది, ఆమెకు సూది వేసేది, నల్లా నీళ్లు పట్టేది ఆయనే. ఇప్పుడు తెల్లారకముందే లేసి రెండు బస్సులు మారి గోదావరి అవతలికి పోవాలె. వచ్చేసరికి పొద్దుగూకుతది. క్వార్టర్ వదిలి ఆ దిక్కు పోదామంటే, ఈ ఇంట్లో ఏ గోడ ఎక్కడున్నదో చేతితో తడిమి ఎరిగిన మనిషిని కొత్త ఇంట్లో ఎట్ల ఉంచేది?

మూడో నెలలో సంతోషమ్మ నల్లా కాడ జారి పడ్డది. తుంటి ఎముక విరిగింది. పక్కింటోళ్లు చూసేసరికి గంట దాటింది. ఏరియా దవాఖానలో ఆపరేషను చేసిండ్రు. బతికింది, కానీ మళ్ల సొంతంగా నడవలేదు. అప్పటి సంది చర్చిలో బోర్డు మీద వేరేవాళ్ల అక్షరాలు కనపడేటియి. యాకోబు అన్న వచ్చి వెనక వరుసలో కూసొని, ఆరాధన అయిపోంగనే పోయేటోడు.

ఇంతలో మళ్ల ఫారాలు పంచే రోజులొచ్చినయి. అదే గని, అదే మస్టరు కాడ నిలబడ్డ. ఎప్పటిలెక్కనే మొదలుపెట్టిన. "పేరు రాయొద్దు, నంబరు రాయొద్దు..."

కొమురయ్య కాక ముందు వరుసలనే ఉన్నడు. గొంతు పెంచకుండ, "పోయినసారి గూడ గిదే చెప్పినవు బిడ్డా" అన్నడు.

ఒక్కొక్కరు వచ్చి ఫారం తీసుకున్నరు. నిలబడ్డ కాడనే టిక్కులు కొట్టి డబ్బాలో వేసి పోయిండ్రు. ఆఫీసుకు తెచ్చి తీసి చూసిన. అన్నీ ఐదులే. పని మీద మనసున్నదా? ఐదు. పైనోళ్లు మాట వింటరా? ఐదు. ఏమన్న అయితే వచ్చేటోళ్లున్నరా? ఐదు. వెనక పేజీలన్నీ తెల్లగా ఉన్నయి.

అంతకుముందు వేరే ఒక గనిలో ఫారాలన్నీ క్లర్కు ఒక్కడే కూసొని నింపిండు, అది పట్టుకోవటం సులువుగనే ఉండె. పెన్ను ఒకటే, టిక్కు ఒకటే. ఇవి అట్ల కాదు. ఎవరి చేతితో వాళ్లే నింపిండ్రు. లెక్కలో తప్పు లేదు. ఆ గనికి ఏరియాలో మొదటి స్థానం వచ్చింది. మీటింగులో పెద్దసారు సంతోషపడి నాకు శాలువా కప్పిండు. నేను కప్పించుకున్న. చప్పట్లు కొట్టిండ్రు. నమస్కారం కూడా పెట్టిన.

ఫారంలో అంకెలు ఎక్కువొస్తే సంబురపడకుండ్రి. మనసు నిండుగా ఉన్నోడూ ఐదు కొడతడు, నోరు కుట్టేసుకున్నోడూ ఐదు కొడతడు. ఆ రెండింటికీ తేడా చెప్పే ప్రశ్న నేనింతవరకు చూడలేదు. మనిషి దగ్గరికి పోయి తెలుసుకోవాలె, అంతే.

యాకోబు అన్న ఇంట్లో

ఆ వారమే ఆదివారం మధ్యాహ్నం వాళ్ల క్వార్టర్‌కు పోయిన. సంతోషమ్మ మంచం మీద ఒరిగి ఉన్నది. నా గొంతు గుర్తుపట్టి, "రూతక్కా, రా" అన్నది. యాకోబు అన్న బియ్యం ఏరుతున్నడు. కూసోమనలేదు, వెళ్లిపొమ్మనలేదు. నేనే పీట గుంజుకొని కూసున్న.

"అన్నా, నీ పేరు చెప్పింది నేనే."

ఆయన చేతులు ఆగలేదు. "ఎరుకే."

"ఎప్పటి సంది?"

"ఆర్డరొచ్చిన రోజు నుంచి. నా అక్షరం ఆడ నీకు తప్ప ఎవరికి తెలుసు?"

"మరి అడగలేదేందన్నా?"

"అడిగితే నువ్వు కాదంటవు. నీతోటి అబద్ధం చెప్పిచ్చుడెందుకు అనుకున్న. ఆదివారం ఒక్క చోట ప్రార్థన చెయ్యాలె కదా."

నాకు ఏడుపొచ్చింది. సంతోషమ్మ మా మాటల దిక్కు ముఖం తిప్పి వింటున్నది. "మంచికే అడుగుతున్నమన్నరు అన్నా" అన్న. అంటుంటేనే ఆ మాట ఎంత బోలుగా ఉన్నదో నా చెవులకు నాకే వినపడ్డది.

ఆయన చాట పక్కన పెట్టిండు. "చూడు చెల్లె. సంతోషమ్మను నువ్వు నూకలేదు. నల్లా కాడ పాకురున్నది, జారింది. కానీ నువ్వు ఆ మాట చెప్పకుంటే ఆ టైముకు నేను ఇంట్ల ఉంటుంటి. రెండూ నిజమే. నేను ఒకటి చెప్పి ఇంకొకటి ఇడిచిపెట్టలేను."

క్షమించిన అని ఆయన అనలేదు. నేను అడగలేదు. లేచేటప్పుడు సంతోషమ్మ, "అక్కా, జర ఆ గ్లాసు అందియ్యి" అన్నది. మంచినీళ్లు అందించి వచ్చిన.

తెల్లారి ఆఫీసుకు పోయి నా చేతితో ఒక పేజీ ఉత్తరం రాసిన. పేరు బయటపెట్టనని కార్మికులకు మాటిచ్చి నేనే తప్పినట్టు, దానివల్లనే ఆ బదిలీ జరిగిందని నేను నమ్ముతున్నట్టు, దాన్ని రద్దు చేయాలని, ఆ గని అంకెలు నిజం కావని రాసి సంతకం పెట్టి పెద్దసారు బల్ల మీద పెట్టిన.

ఆయన చదివిండు. కోపం చేయలేదు. "స్కోరు పెరిగింది కదమ్మా. ఇప్పుడిదంతా ఎందుకు?" అన్నడు. కాయితం నా దిక్కు జరిపి, "ఉత్తరం వెనక్కి తీసుకోండి, మీకే మంచిది" అన్నడు. తీసుకోలేదు. వారం తిరిగేసరికి నన్ను సర్వే పని నుంచి తీసి క్వార్టర్లు కేటాయించే సెక్షన్లో వేసిండ్రు.

యాకోబు అన్న తిరిగి వచ్చింది ఏడాదిన్నరకు. ఆ సారు పోయి ఇంకో సారు వచ్చిండు. అదే ఉత్తరం నకలు ఆయనకిచ్చిన. ఆయన ఫైలు తెప్పించుకొని చూసి, యాకోబు అన్నను ల్యాంపు రూముకు, అంటే గని మీద దీపాలు ఇచ్చే చోటుకు తెప్పించిండు. ఇది నా ఘనతని చెప్పుకోను. ఆ పెద్దసారే ఉంటే నా ఉత్తరం అట్లనే ఉంటుండె. మంచి అధికారి వచ్చేదాక మన తప్పు మనం దిద్దలేమని తెలిసినంక, ముందుగాల తప్పు చేయకుండుడే మన చేతిలో ఉన్నదని అర్థమైంది.

యాకోబు అన్న దిగిపోయేదాక ల్యాంపు రూములనే చేసిండు. ఎదురైతే మాట్లాడేటోడు, మా బాపు చచ్చిపోతే వచ్చి సమాధి కాడ నిలబడ్డడు. కానీ చెల్లె అని మళ్ల పిలవలేదు. చర్చిలో కూడా మేడమే.

కమాన్‌పూర్ దిక్కు

దిగిపోయేందుకు రెండేండ్లుందనంగ మళ్ల సర్వే నా చేతికొచ్చింది. ఈసారి కమాన్‌పూర్ దిక్కు ఉన్న ఓపెన్‌కాస్టులో, అంటే నేల మీది నుంచే తవ్వే గనిలో. అక్కడ నేను చేసింది పెద్ద తెలివైన పనేం కాదు. ఫారాలు ముందే పంచలేదు. నెల రోజులు క్యాంటీన్లో కూసున్న. పాత ఫారాలలో వాళ్లు అడిగినవి ఏమైనయో తెలుసుకొని, అయినవి అయినయని, కానివి కాలేదని, ఎందుకు కాలేదో మస్టరు కాడ నిలబడి చెప్పిన. "ఇంతకుముందు ఒక గనిలో నేను మాట తప్పిన" అని కూడా చెప్పిన. అప్పటికే ఆ ముచ్చట వాళ్లల్ల చానా మందికి తెలుసు.

ఫారాలు నింపినంక వాళ్లే ఎన్నుకున్న ఇద్దరు మనుషులు డబ్బా తెరిచి అంకెలు కూడిండ్రు. కాయితాలు నా కంట పడలేదు. వెనక పేజీల మాటలు కూడా వాళ్లే చదివి, ఎవరి మాటో తెలియకుండ కలిపి రాసిచ్చిండ్రు.

అంకె పడిపోయింది. అంతకుముందు ఏడు కంటే చానా పడిపోయింది. మేనేజరు కుర్రోడే, కాయితం చూసి నీరుగారిపోయిండు. "నేను వచ్చాక ఇన్ని చేశాను కదా మేడం, ఇంత తక్కువా?" అన్నడు.

"ఇప్పుడు నిజం చెప్తున్నరు సార్. దీన్నే గేటు కాడ చదువుదం. మీరు పక్కన నిలబడండ్రి" అన్న. ఆయన చానా సేపు వద్దన్నడు. పైనోళ్లకు తెలిస్తే ఏమంటరో అన్నడు. ఆఖరుకు టోపీ పెట్టుకొని వచ్చిండు. ఆ ధైర్యానికి ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంట.

రెండో షిఫ్టు మొదలయ్యే ముందు అందరి ముందర చదివిన. ఏ ప్రశ్నకు ఎంతొచ్చిందో ఒక్కొక్కటి. ఐదో ప్రశ్న, 'నువ్వు చెప్పింది నీ పైనోళ్లు చెవిన పెడతరా', అన్నిటికంటే తక్కువ. అది చదివినప్పుడు అందరూ మేనేజరు ముఖం దిక్కు చూసిండ్రు. ఆయన తల దించుకోలేదు. "ఎందుకో ఎవరైనా చెప్తారా? చెప్పకపోయినా పర్వాలేదు" అన్నడు.

అప్పుడు వెనక నుంచి ఒకాయన చేయి లేపి, మనుషుల్ని తప్పించుకుంట ముందుకొచ్చిండు. నలభై ఏండ్లుంటయి. చేతిలో అన్నం డబ్బా.

"నేను చెప్త సార్. దిగువ రోడ్డు మీద మూల మలుపు కాడ లైటు లేదని నాలుగు నెలల సంది చెప్తున్నం. ఆడ డంపర్ బండి దించుతుంటే పానం అరచేతిల ఉంటది. ఒక్కలు గూడ రాసుకోలేదు."

మేనేజరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నడు. రాసుకొని మూయబోతుంటే ఆయన ఇంకో అడుగు ముందుకేసిండు.

"పేరు గూడ రాసుకోండ్రి సార్. రాజలింగు, డంపర్ ఆపరేటర్, రెండో షిఫ్టు."